కుండీలో రబ్బరు మొక్క, కొండల్లో వంతెన

మా నాగోల్‌లో బాల్కనీకొకటి కనిపించే రబ్బరు మొక్క తెలుసుగా? దళసరి ఆకులు, కొసన ఎర్రగా చుట్టుకున్న చిగురు. మేఘాలయలో వాగుల మీద వంతెనగా పెరిగేది ఆ జాతి చెట్టే అంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఫొటోలు చూపించాల్సి వచ్చింది.

చిరపుంజి దగ్గర తిర్నా ఊరి నుంచి 3,000కు పైగా మెట్లు దిగితే నొంగ్రియాట్. అక్కడ ఒకే వాగు మీద రెండంతస్తుల వేళ్ల వంతెన. అక్కడి ఖాసీ తెగవాళ్లు చెట్టు ఊడల్ని వెదురు, వక్కమానుల ఆసరాతో అవతలి గట్టుకు సాగదీస్తారు. అవి అక్కడ నేలలో దిగి, ఒకదాన్నొకటి పెనవేసుకుని, మనిషి బరువు ఆపేసరికి 15 నుంచి 30 ఏళ్లు. మొదలుపెట్టినవాళ్లకు నడిచే యోగం ఉంటుందో లేదో! నడిచే చోట సందుల్లో రాళ్లు కూర్చారు. సన్నగా వాన పడుతున్నా కాలు జారలేదు. తిరిగి ఎక్కేటప్పుడు మాత్రం తిరుమల మెట్లే నయమనిపించింది, మోకాళ్ల సంగతి అడక్కండి.

మన కాంక్రీటు వంతెన ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, ఇది గట్టిపడుతుంది. 2022లో ఈ వేళ్ల వంతెనలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: సెల్ఫీ కోసం గుంపుగా వంతెన ఎక్కకండి, వేళ్ల మీద పేర్లు చెక్కకండి. అది బతికున్న చెట్టు.