పామును చెదరగొట్టే తూటా మనిషిని ఆపుతుందా?

ఫోర్ట్‌వర్త్ దాటి పడమరగా వెళ్తుంటే దారికి రెండు పక్కలా మెస్కీట్ చెట్లే. మన సర్కారు తుమ్మ, ఈ మెస్కీట్ దగ్గరి చుట్టాలు. ఆ ముళ్ళచెట్ల మధ్య మూడు వైపులా ఎత్తుగా మట్టికట్టలు పోసిన ఫైరింగ్ రేంజ్ ఒకటుంది. మా బాబాయి కొడుకు, మరదలు, నేను అక్కడికి వెళ్ళాం. తమ్ముడు డాలస్ శివార్లలో గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని చిన్న దుకాణం నడుపుతాడు. పొద్దుపోయేదాకా కౌంటర్‌లో అతనో, మరదలో ఉండాల్సిందే. షాట్‌గన్ తూటాలు పేల్చే రివాల్వర్ ఒకటి కొందామని కొంతకాలంగా అతని ఆలోచన.

"గురి చూడక్కర్లేదంటన్నా. చెయ్యెత్తి నొక్కితే చాలు, పెల్లెట్లు జల్లులా పోతాయంట. కంగారులో కూడా తప్పిపోదంట" అన్నాడు కారులో.

అతని భయం ఉత్తిది కాదు. అమెరికాలో గ్యాస్ స్టేషన్లలో, దుకాణాల్లో పనిచేసే తెలుగు పిల్లలు దోపిడీ దొంగల కాల్పుల్లో చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అలాంటి కబురు వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో ఫోన్లు మోగుతాయి. కౌంటర్ వెనక కూర్చునే మనిషిని ఏది కాపాడుతుందన్నది మన కుటుంబాల ప్రశ్న కూడా. అందుకే కొనే ముందు కళ్ళారా చూడాలని అతణ్ణి ఒప్పించి బయల్దేరదీశాను.

రేంజ్ ఆఫీసులో ముందు సంతకాలు, గుర్తింపు కార్డులు. నేను విజిటర్ వీసా మీద వచ్చానని తెలియగానే బల్ల వెనకున్న ఆయన మర్యాదగా, గట్టిగా చెప్పాడు: మీరు చూడొచ్చు, తుపాకీ మాత్రం ముట్టుకోకూడదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్ళు తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. బి-2 విజిటర్‌కే కాదు, ఎఫ్-1 విద్యార్థికీ, హెచ్-1బి ఉద్యోగికీ ఇదే నియమం. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హులైన పెద్దవాళ్ళు పర్మిట్ లేకుండానే చేతితుపాకీ వెంట పెట్టుకోవచ్చు. ఆ రాష్ట్ర చట్టం ఈ ఫెడరల్ నిషేధాన్ని తీసెయ్యదు. తమ్ముడూ మరదలూ అమెరికా పౌరులు కాబట్టి వాళ్ళకు అడ్డులేదు. కానీ కౌంటర్ కింద సొరుగులో తుపాకీ పెట్టి, వీసా మీదున్న బంధువును ఆ కుర్చీలో కూర్చోబెడితే అతనికి రక్షణ బదులు నేరం అంటగట్టినట్టే. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

చెవులకు మఫ్లు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని గీత వెనక నిలబడ్డాను. శిక్షకుడు షెరిఫ్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. బల్ల మీద గుడ్డ పరిచి, సిలిండర్ పక్కకు తెరిచి, ఖాళీగా ఉందని ముగ్గురికీ చూపించాకే మాట మొదలుపెట్టాడు.

ఆ రివాల్వర్ పేరు జడ్జ్. బ్రెజిల్‌కు చెందిన టారస్ కంపెనీది. నేరాలు ఎక్కువగా ఉన్న మయామీ ప్రాంతంలో కొందరు న్యాయమూర్తులు కోర్టుల్లో ఆత్మరక్షణకు దీన్ని కొంటున్నారని తెలిసి ఆ పేరు పెట్టామని కంపెనీ చెబుతుంది. ఐదు తూటాలు పడతాయి. 2011లో స్మిత్ అండ్ వెసన్ దీనికి పోటీగా ఆరు తూటాల గవర్నర్ తెచ్చింది. రెండింటికీ ఆకర్షణ ఒక్కటే: ఒకే అరలో .45 కోల్ట్ తూటా పెట్టొచ్చు, లేదా .410 షాట్‌షెల్ పెట్టొచ్చు. .45 కోల్ట్ అంటే అమెరికా సైన్యం 1873లో తీసుకున్న పాతకాలపు పెద్ద తూటా. .410 అన్నది షాట్‌గన్లలో బాగా సన్నని రకం. గొట్టం వ్యాసం అంగుళంలో 0.410 వంతు కాబట్టి ఆ అంకే పేరైంది. ఈ కొలత మన పోలీసులకూ పాతదే. ఇషాపూర్ ఫ్యాక్టరీలో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళ గొట్టాలను నునుపు చేసి, కాపలావాళ్ళకూ పోలీసులకూ ఇచ్చిన .410 మస్కెట్లు ఆ కుటుంబంవే. వాటి తూటా మాత్రం వేరు.

రివాల్వర్‌తో పెల్లెట్లు పేల్చాలన్న కోరిక కూడా పాతదే. న్యూ ఆర్లిన్స్‌కు చెందిన జీన్ లెమాట్ 1856లో పేటెంట్ పొందిన రివాల్వర్‌లో తొమ్మిది తూటాల సిలిండర్‌కు నట్టనడుమ పెల్లెట్ల కోసం మరో లావుపాటి గొట్టం ఉండేది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాధిపతులు కొందరు దాన్ని మోశారు. లెమాట్‌లో పెల్లెట్ల గొట్టం లోపల నునుపు. జడ్జ్ గొట్టం లోపల మాత్రం మెలితిరిగిన గాడులున్నాయి. దీనికి కారణం చట్టం. గొట్టం నునుపుగా ఉండి షాట్‌షెల్ పేల్చే చేతితుపాకీ అయితే 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కింద ప్రత్యేక రిజిస్ట్రేషన్ కావాలి. గాడులు ఉంటే అది మామూలు చేతితుపాకీ. కాలిఫోర్నియా ఈ తేడాను ఒప్పుకోదు. అక్కడి చట్టానికి ఇది పొట్టి గొట్టపు షాట్‌గన్, అంటే నిషిద్ధం.

"ఆ గాడులను గుర్తుపెట్టుకోండి, మీరు చూడబోయేదంతా వాటి పనే" అన్నాడు శిక్షకుడు.

మనిషి ఆకారం గీసిన కాగితాన్ని మూడు గజాల దూరంలో బిగించి, పిట్టల వేటకు వాడే తొమ్మిదో నంబరు పెల్లెట్ల షెల్‌తో తమ్ముడు మొదటి దెబ్బ కొట్టాడు. అరఔన్సు సీసం, దాదాపు 290 పెల్లెట్లు. కాగితం మీద ఛాతీ నడుమ అన్నం పళ్ళెమంత మేర చిల్లులే చిల్లులు. తమ్ముడి ముఖం విప్పారింది. "చూశావా అన్నా!" అన్నాడు.

కాగితం మార్చి ఏడు గజాలకు జరిపారు. వాళ్ళ దుకాణంలో కౌంటర్ నుంచి తలుపుకు ఉన్న దూరం అది. మళ్ళీ అదే షెల్. ఈసారి చిల్లులు మెడ నుంచి తొడల దాకా చెల్లాచెదురయ్యాయి. చాలా పెల్లెట్లు కాగితం అంచులు దాటి వెనకున్న మట్టికట్టలోకి పోయాయి. అన్నిటికన్నా విచిత్రం, తమ్ముడు గురిపెట్టిన చోటే పలచగా ఉంది. గాడుల పని ఇదేనని అప్పుడు అర్థమైంది. ఒకే తూటాను ఆ మెలిక గిరగిరా తిప్పి నిలకడగా పోయేలా చేస్తుంది. విడివిడి పెల్లెట్ల గుంపును అదే మెలిక గొట్టం దాటగానే పక్కలకు విసిరేస్తుంది. మధ్య ఖాళీ అవుతుంది, చుట్టూ వలయం మిగులుతుంది. నునుపు గొట్టపు పొడవాటి షాట్‌గన్ నుంచి ఇలా జరగదు.

చిల్లుల సంఖ్య కళ్ళను మోసం చేస్తుంది. అసలు ప్రశ్న లోతు. ఒక్కో తొమ్మిదో నంబరు పెల్లెట్ బరువు గ్రాములో ఇరవయ్యో వంతు. పైగా మూడంగుళాల గొట్టంలో మందు పూర్తిగా పనిచేసే వ్యవధి లేదు కాబట్టి వేగం కూడా పొడవాటి షాట్‌గన్‌లో వచ్చేదానికంటే బాగా తక్కువ. అంత తేలికైనదానికి వేగం కూడా లేకపోతే చర్మం కింద కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. రక్తం వస్తుంది, నొప్పి పుడుతుంది, కన్ను పోవచ్చు. కానీ తెగించి మీదికొచ్చే మనిషి ఆగుతాడన్న భరోసా లేదు.

ఈ లోతు లెక్క వెనక ఒక విషాదం ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. పోరు మొదట్లోనే ఒక దొంగ చేతిని చీల్చుకుని అతని ఛాతీలోకి దూసుకెళ్ళిన తూటా గుండెకు చేరకుండానే ఆగింది. ఆ గాయంతోనే అతను కాల్పులు సాగించాడు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ తూటాలను పది శాతం జెలటిన్ దిమ్మల్లో పరీక్షించడం మొదలుపెట్టింది. కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదన్నది ఆ కొలబద్ద. చెయ్యి అడ్డొచ్చినా, పక్కకు తిరిగి ఉన్నా ప్రాణస్థానానికి చేరాలంటే అంత లోతు కావాలి. రివాల్వర్ నుంచి వెళ్ళిన తొమ్మిదో నంబరు పెల్లెట్లు అందులో సగం కూడా దిగవు.

తర్వాత రివాల్వర్ కోసమే తయారుచేసిన షెల్స్ బయటికి తీశారు. ఒకటి ఫెడరల్ కంపెనీది. ట్రిపుల్ ఆట్ బక్‌షాట్, అంటే ఒక్కోటి 9 మిల్లీమీటర్ల నాలుగు సీసపు గుండ్లు. పెట్టె మీద సెకనుకు 850 అడుగుల వేగమని ఉంది. ఏడు గజాల దగ్గర నాలుగూ ఛాతీలోనే, జానెడు మేరలో పడ్డాయి. ఇవి లోతు పరీక్షలో కూడా గట్టివే. ఇంకొకటి వించెస్టర్ వాళ్ళది. మూడు బిళ్ళలు, వాటి వెనక పన్నెండు చిన్న గుండ్లు. బిళ్ళలు దగ్గరదగ్గరగా పడ్డాయి, చిన్న గుండ్లు కొన్ని కాగితం దాటిపోయాయి. పదిహేను గజాలకు జరిపితే బక్‌షాట్ నాలుగు గుండ్లలో రెండే మనిషి బొమ్మలో ఉన్నాయి.

అప్పుడు మరదలు అడిగింది. అంతసేపూ ఆమె పెద్దగా మాట్లాడలేదు. "మిగతా రెండు ఎక్కడికి పోయాయి?"

శిక్షకుడు జవాబివ్వకుండా గోడ మీది బోర్డు వైపు చెయ్యి చూపించాడు. అమెరికాలో తుపాకీ నేర్పే చాలాచోట్ల కనపడే, జెఫ్ కూపర్ అనే తుపాకీ శిక్షకుడి నాలుగు నియమాలు అవి. ప్రతి తుపాకీనీ నిండుగా ఉన్నట్టే చూడు. నాశనం చెయ్యదలచుకోని దేని వైపూ గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో.

"మన తలుపు గాజుది. దాని వెనక పెట్రోలు పోయించుకునేవాళ్ళుంటారు. కారులో పిల్లలుంటారు" అంది ఆమె భర్తతో. ఇక్కడ మట్టికట్ట ఉంది, దుకాణంలో లేదు. గొట్టం దాటిన ప్రతి గుండుకూ పేల్చినవాళ్ళే పూచీ. నాలుగు గుండ్లూ నాలుగు దిక్కులకు పోయే ఆయుధం జనం మధ్య కూర్చునే మనిషికి ఇబ్బందే.

తర్వాత ఆమె .45 కోల్ట్ తూటాలు పేల్చింది. పదహారు గ్రాముల ఒకే గుండు. రెండున్నర అంగుళాల షాట్‌షెల్ పట్టేలా సిలిండర్‌ను సాగదీశారు కాబట్టి ఈ పొట్టి తూటా గాడులను అందుకునేలోపు కొంత ఖాళీ దూరం పోవాలి. దానివల్ల కొంత కచ్చితత్వం తగ్గుతుందట. అయినా ఏడు గజాల దగ్గర ఆమె గుండ్లన్నీ ఛాతీలో పడ్డాయి, గురి చూసి, నిదానంగా కొట్టింది కాబట్టి. చేతికి మాత్రం గట్టిగానే తన్నింది. అంతకుముందు షాట్‌షెల్స్ ఐదూ అయిపోయాక ఖాళీ ప్లాస్టిక్ షెల్స్ అరల్లో బిగిసి, ఊడదీసి మళ్ళీ నింపడానికి బాగా సమయం పట్టింది.

"దగ్గరలో అయితే పెల్లెట్లు విప్పుకోవు కాబట్టి గురి చూడాలి. దూరంలో అయితే విప్పుకుంటాయి కాబట్టి పనిచెయ్యవు. గురి చూడక్కర్లేని తుపాకీ నాకు కనపడలేదు" అన్నాడు శిక్షకుడు. మరి ఇది ఎవరికి పనికొస్తుందని అడిగాను. వెంటనే చెప్పాడు: పొలంలో తిరిగే రైతుకి. టెక్సాస్‌లో రాటిల్‌స్నేక్‌లు ఎక్కువ. కాళ్ళ దగ్గర రెండు మూడు గజాల్లో పాము తల లాంటి చిన్న లక్ష్యం, వెనక నేల. అక్కడ పిట్టల పెల్లెట్లు అచ్చంగా సరిపోతాయి. ఇంట్లో, గోడల మధ్య ఆత్మరక్షణకైతే రెండు చేతులా, భుజానికి ఆనించి పట్టే పొడవాటి షాట్‌గన్ కానీ, బాగా సాధన చేసిన మామూలు పిస్టల్ కానీ దీనికన్నా మేలని ఆయన అభిప్రాయం. నేను చూసినదంతా ఆ మాటనే బలపరిచింది.

తిరుగుదారిలో మా మాటలు తుపాకీ నుంచి దుకాణం మీదికి మళ్ళాయి. దుకాణాల దోపిడీలతో విసిగిన ఫ్లోరిడా రాష్ట్రం 1990ల మొదట్లోనే రాత్రిపూట నడిచే దుకాణాలకు ఒక చట్టం చేసింది. కెమెరా ఉండాలి. డబ్బు జారవిడిస్తే తిరిగి తియ్యలేని డ్రాప్ సేఫ్ ఉండాలి. గల్లాలో 50 డాలర్లకు మించి ఉండదని బోర్డు పెట్టాలి. పార్కింగ్‌లో వెలుతురు ఉండాలి. వీధిలోంచి కౌంటర్ కనపడేలా కిటికీ అద్దాలకు అడ్డు తియ్యాలి. సైలెంట్ అలారం, తలుపు దగ్గర వచ్చేవాడి ఎత్తు తెలిసే గుర్తులు పెట్టాలి. ఘోర నేరం జరిగిన దుకాణమైతే రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 దాకా ఇద్దరు ఉద్యోగులు, లేదా రక్షణ అద్దాల గది లాంటి ఏర్పాటు ఉండాలి. టెక్సాస్ దుకాణదారుణ్ణి ఆ చట్టం కట్టడి చెయ్యదు, కానీ ఆ జాబితాను ఎవరైనా పాటించొచ్చు. అందులో దొంగను కాల్చే ఉపాయం ఒక్కటీ లేదు. దొంగకు ఆశ పుట్టకుండా, పుట్టినా మనిషి దాకా చేరకుండా చేసే ఉపాయాలే అన్నీ.

మన పిల్లలకూ తమ్ముళ్ళకూ నేను చెప్పదలచింది ఇదే. తుపాకీ రక్షణకు దగ్గరిదారి కాదు. ఉంచుకునే హక్కు ఉండి, ఉంచుకోవాలనుకుంటే, ఒకే గుండు పేల్చే మామూలు తుపాకీ తీసుకుని నెలనెలా రేంజ్‌కి వెళ్ళి సాధన చెయ్యండి. నైపుణ్యం అక్కర్లేదని చెప్పి అమ్మే ఏ ఆయుధాన్నీ నమ్మొద్దు, ఆ మాట కంగారులో ఉన్న మనిషికి ప్రాణాంతకం. గల్లా అడిగితే ఇచ్చెయ్యండి. పోయిన డబ్బుకు బీమా ఉండొచ్చు. తమ్ముడు జడ్జ్ కొనలేదు. ఆ డబ్బు మీద ఇంకొంత వేసి కౌంటర్‌కు గుండు దిగని అద్దం పెట్టించాలని ఆలూమగలు ఆ రాత్రే నిర్ణయించుకున్నారు. ఆ ఖర్చు నాకు ఎంతో సబబుగా తోచింది.