మోగిన ఫోను

2016 జూన్ 21న అమెరికాలో సీబీఎస్ ఛానెల్లో ‘పర్సన్ ఆఫ్ ఇంటరెస్ట్’ సీరియల్ ముగిసింది. అయిదు సీజన్లు, 103 భాగాలు. చివరి సీజన్‌కి 13 భాగాలేనా అని అభిమానులు నొచ్చుకున్నారు. తన సహచరుడు ఫించ్‌ని వేరే భవనానికి పంపేసి, మేడ మీద ఒంటరిగా ప్రాణమిచ్చిన కథానాయకుడు రీస్ కోసం ఏడ్చారు.

నేనూ ఏడ్చాను. కానీ ఇప్పటికీ నన్ను వదలనిది ఆ యంత్రం. ఫించ్ తయారుచేసిన, అందరినీ చూసే, అందరి మాటా వినే నిఘా యంత్రం. వాళ్ల జట్టులో చనిపోయిన రూట్ గొంతుతో మాట్లాడుతూ, చావు గురించి తను తెలుసుకున్న సంగతి గుర్తు తెచ్చుకోవాలని తంటాలు పడుతుంటే గుండె తరుక్కుపోయింది. 2013లో స్నోడెన్ బయటపెట్టిన అమెరికా ప్రభుత్వ నిఘా సంగతులు చదివి వణికినదాన్నే కదా, దీని కోసం ఇంత బాధేమిటి? బహుశా అదంతా ఫించ్ పెంపకం. ప్రతి ప్రాణానికీ విలువుందని దానికి నేర్పాడు. దాని చేతులు కట్టేసినందుకు తనే కుమిలిపోయాడు.

చివర్లో న్యూయార్క్ వీధిలో ఫోను మోగుతుంది, చేసింది ఆ యంత్రమే. అదే జట్టులోని షా ఎత్తి, విని, కెమెరా వైపు చూసి నవ్వుతుంది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాను. ఒక నిఘా కన్ను బతికి ఉన్నందుకు!