నూలుత్రాడు నేర్పిన పాఠము

పాఠశాల పత్రికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి పంపుమని తెలుగు పండితులు కోరినప్పుడు నాకు మొదట సంకోచము కలిగెను. నేను కవిని కాను, పండితుడను కాను. మోటారు బండ్లను బాగుచేయువాడను. హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమమున చదువుకొని, ఇనుముతోను నూనెతోను బ్రతుకుచున్నవాడను. అయినను, ఈ బడిలో నేర్చిన రేఖాగణితమును, మా నాయన ప్రక్కన నిలిచి నేర్చిన నూలుత్రాటి పనియు దూరదేశమున ఒక చిన్న కారు క్రింద నాకెట్లు అక్కరకు వచ్చినవో చెప్పుట అనుచితము కాదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా నాయన తాపీపని చేయుచుండెను. ఆయన గోనెసంచిలో తాపీ, రసమట్టము, చెక్కముక్కకు చుట్టిన నూలుత్రాడు, ఇత్తడి తూకపుగుండు, నీళ్లు నింపు పొడవైన గొట్టము ఎప్పుడును ఉండెడివి. సెలవు దినములలో నేను ఆయన వెంట పనికి పోయి త్రాటి రెండవ కొన పట్టుకొని నిలుచుచుంటిని. ఆ పని నాకు ఇష్టము లేకుండెను. ఎనిమిదవ తరగతిలో నొకనాడు ఉపాధ్యాయులు మా తండ్రుల వృత్తులను వరుసగా అడిగిరి. నా వంతు వచ్చినప్పుడు "కంట్రాక్టరు" అని చెప్పి కూర్చుంటిని.

మరుసటి సంవత్సరము చెరువుగట్టు దగ్గర ఒక ఇంటి గోడ కట్టుచుండగా, మధ్యాహ్నమునకు ఐదు వరుసలు లేచినవి. నాయన గుండు వ్రేలాడదీసి చూచెను. గోడ వ్రేలి మందము బయటికి ఒరిగియుండెను. ఆయన మాటాడక వరుసలను విప్పనారంభించెను. సాయంకాలము బంతియాటకు పోవలెనని ఆశతో ఉన్న నాకు దుఃఖము వచ్చెను. "పైన పూత పూస్తే ఎవరికి తెలుస్తుంది నాయనా?" అంటిని. ఆయన ఇటుక గీకుచునే, "ఈ గోడ కింద పండుకొనేది మనము కాదు గదా అబ్బీ" అనెను. అంతకు మించి ఏమియు చెప్పలేదు. ఆనాడు ఆట పోయినదని నాకు కోపమే గాని, ఆ మాట అర్థము కాలేదు.

తరువాత మోటారు ఇంజనీరింగులో డిప్లొమా చదివితిని. బెంగళూరులో కొన్ని యేండ్లు పనిచేసి, 1998వ సంవత్సరమున ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణమునకు కొలువునకు పోతిని. ఆ కార్ఖానాలో తేలికైన స్పోర్ట్సు కార్లను సరిచేయుట ముఖ్యమైన పని. వానిలో మిక్కిలి తరచుగా వచ్చునది "సెవెన్" అను కారు. లోటస్ సంస్థను స్థాపించిన కోలిన్ చాప్మన్ దీనిని 1957లో వెలువరించెను. 1973లో దీని తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు చేరినవి. ఉక్కు గొట్టములతో అల్లిన చట్రము, దానిపై పలుచని అల్యూమినియపు రేకు, ఇద్దరు కూర్చుండుటకు చోటు - అంతియే కారు. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసిడరు బరువు ఒక టన్నుకు పైమాట. ఈ సెవెన్ దానిలో ఇంచుమించు సగము మాత్రమే.

తేలికగా నుండుట ఈ బండికి బలమే గాని, సరిచేయువానికి అది పరీక్ష. బరువైన కారులో మనిషి ఎక్కినను దిగినను పెద్దగా భేదము తెలియదు. 540 కిలోల కారులో 80 కిలోల మనిషి కూర్చుండినచో, అతడు బండి బరువులో ఏడవ వంతునకు సమానుడగును. కావున నడుపువాడు ఎంత బరువుండునో అంత ఇసుకను సంచులలో నింపి, అతని ఆసనముపై పెట్టిన తరువాతనే కొలతలు ప్రారంభింపవలెను.

మా కార్ఖానా పెద్దాయన అరువదేండ్లు దాటినవారు. మొదటి దినమున, "చక్రముల వరుస చూతము, సామగ్రి తెత్తును" అని లోనికి పోయిరి. కాంతికిరణములతో కొలుచు ఖరీదైన యంత్రమేదో తెత్తురని నేను ఎదురుచూచితిని. ఆయన తెచ్చినది ఒక నూలుత్రాటి ఉండ, ఉక్కు కొలబద్ద, ఇత్తడి గుండు! నాకు మొదట నవ్వు వచ్చెను. ఆ వెనుక, ఎందువలననో, కన్నులు చెమర్చెను.

ఆ పనికి ఒక క్రమము కలదు, దానిని తప్పరాదు. మొదట టైర్లలో గాలి సరిచూడవలెను. తరువాత బండి నేలనుండి ఎంత ఎత్తున నున్నదో కొలువవలెను. పిమ్మట నాలుగు చక్రములపై పడు బరువులు, ఆ పిమ్మట చక్రముల వంపు, కట్టకడపట వాని చూపు. ముందటిది మార్చినచో తరువాతిది మారును. వంపు సరిచేసినప్పుడెల్ల చూపు చెడును. కావున చూపును ముందు సరిచేసినవాడు పని రెండుమారులు చేయవలసి వచ్చును.

అన్నిటికంటె ముందు నేల మట్టముగా నుండవలెను. అక్కడి నేల నీరు పోవుటకై మూలకు వాలియుండెను. పొట్టి రసమట్టముతో ఆ వాలును కనుగొనుట కష్టమగుచుండెను. నేను ధైర్యము తెచ్చుకొని, పారదర్శకమైన గొట్టము పది గజములు తెప్పించి, నీరు నింపి, గాలిబుడగలు లేకుండ చేసి, నాలుగు చక్రముల చోట్ల మట్టము గుర్తించి చూపితిని. గొట్టము ఎంత వంకరగా పోయినను రెండు కొనలయందు నీరు ఒకే ఎత్తున నిలుచును గదా. ఒక మూల 9 మిల్లీమీటర్లు పల్లముగా నున్నట్లు తేలెను. అక్కడ పలుచని రేకులు పేర్చితిమి. "ఇది ఎక్కడ నేర్చితివి?" అని పెద్దాయన అడిగిరి. "మా నాయన దగ్గర, ఆయన తాపీమేస్త్రి" అంటిని. ఆ మాట నా నోట తడబడక వచ్చుట నాకే వింతగా తోచెను.

బరువుల సంగతి మన ఇండ్లలోని నులకమంచమును తలచుకొన్నచో సులభముగా బోధపడును. ఒక కోడు పొట్టిదైనచో మంచము ఎదురెదురు మూలలనున్న రెండు కోళ్లపై నిలిచి ఊగును. కారును అట్లే. నాకు బాగుగా జ్ఞాపకమున్న ఒక కారులో, ఇసుకసంచులతో కూడ, ఎడమ ముందుచక్రముపై 150 కిలోలు, కుడి ముందుచక్రముపై 134, ఎడమ వెనుకచక్రముపై 158, కుడి వెనుకచక్రముపై 178 కిలోలు పడుచుండెను. ఎడమ ముందుది, కుడి వెనుకది కలిపిన 328. తక్కిన మూలల జంట 292. అట్టి బండి ఒక ప్రక్కకు తిరిగినంత బాగుగా రెండవ ప్రక్కకు తిరుగదు. స్ప్రింగుల క్రింది మరపట్టీలను కొద్దికొద్దిగా త్రిప్పుచు పోగా, బరువులు వరుసగా 141, 143, 167, 169 అయినవి. ఇప్పుడు మూలల జంటలు రెండును 310. ఇందొక చమత్కారమున్నది. ముందు రెండింటి మొత్తము మొదటను తుదను 284. ఎడమ రెండింటి మొత్తము 308. ఈ మొత్తములు స్ప్రింగులను త్రిప్పినందువలన మారవు. లెక్కలయందు అభిరుచిగల విద్యార్థులు కాగితముపై వేసి చూచుకొనవచ్చును.

తరువాతిది వంపు, దీనినే క్యాంబరు అందురు. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి చక్రము వెలుపలికి వాలజూచును. అప్పుడు టైరు నేలపై సమముగా ఆనవలెనని, చక్రపు పైభాగమును ముందే కొంచెము లోనికి వంచి యుంచుదురు. చక్రము ప్రక్కన గుండు వ్రేలాడదీసి, రిమ్ము పై అంచునకును క్రింది అంచునకును త్రాటినుండి గల దూరములను కొలుతుము. రిమ్ము 350 మిల్లీమీటర్లున్నచో, 6 మిల్లీమీటర్ల భేదము ఇంచుమించు 1 డిగ్రీ వంపు. మా నాయన గోడ నిలువుగా నుండవలెనని గుండు వ్రేలాడదీసెను. ఇక్కడ చక్రము ఎంత వాలవలెనో తెలియుటకు అదే గుండు.

కడపటిది చూపు, టో అని మెకానిక్కులు పిలుచునది ఇదియే. బండికి ఇరుప్రక్కల, చక్రపు నడిమి ఎత్తున, రెండు త్రాళ్లు బిగించి కట్టవలెను. బండి నడిమి రేఖకు అవి సమాంతరముగా నుండవలెను. స్టీరింగును తిన్నగా నిలిపి కదలకుండ కట్టవలెను. ముందు చక్రముల క్రింద గ్రీజు పూసిన రేకులు జంటగా పెట్టినచో టైర్లు బిగుసుకొనక స్వేచ్ఛగా సర్దుకొనును. అప్పుడు త్రాటినుండి రిమ్ము ముందంచునకు, వెనుకంచునకు కొలతలు తీయవలెను. 1 మిల్లీమీటరు భేదమే గదా అని అనుకొనరాదు. 350లో 1 వంతున ప్రక్కకు చూచు చక్రము, ఒక కిలోమీటరు పోవునప్పటికి దాదాపు 3 మీటర్లు ప్రక్కకు పోజూచును. బండి దానిని పోనీయదు. కావున ఆ రబ్బరు నేలపై రాచుకొని అరిగిపోవును. స్టీరింగు కడ్డీ కొనను మరవలె త్రిప్పి దీనిని సరిచేసి, మర కదలకుండ దాని నట్టును బిగించుటతో పని ముగియును.

ఆ నట్టే నన్ను పరీక్షించినది. నేను పోయిన ఆరు నెలలకు, ఒక శనివారము సాయంకాలము ఒక సెవెన్ పని నేనొక్కడనే ముగించితిని. పెద్దాయన ముందే ఇంటికి పోయిరి. యజమాని వచ్చి వాకిట నిలిచియుండెను. మరునాటి ఉదయము కొండదారులకు పోవలెనని అతని తొందర. బండి ఇచ్చి, చేతులు కడుగుకొని, గదికి పోయి పడుకొంటిని. రాత్రి పదకొండు గంటల వేళ ఉలిక్కిపడి లేచితిని. కుడి ప్రక్క నట్టు బిగించినట్లు చేతికి జ్ఞాపకమున్నది; ఎడమ ప్రక్కది బిగించితినా, లేదా? ఎంత తలచినను తెలియదాయెను.

మనస్సు నాకు అనేక విధముల నచ్చచెప్పెను. బిగించియే యుందును, అలవాటు పని గదా. బిగింపకున్నను మర ఒక్కనాటిలో ఊడిపోదు. చెప్పినచో కొలువు పోవచ్చును. నెలనెల ఇంటికి పంపు డబ్బుతో చెల్లెలి చదువు సాగుచున్నది. ఎవరికి తెలియును? ఈ కడపటి మాట నా మనస్సున పుట్టినంతనే, చెరువుగట్టు, ఇటుకలు, మా నాయన వంచిన వీపు కనబడినవి. రేపు ఆ బండిలో కూర్చుండువాడను నేను కాను గదా.

క్రిందికి దిగి ఇంటివారి ఫోనులో పెద్దాయనకు విషయము చెప్పితిని. ఆయన కొంతసేపు పలుకలేదు. "యజమానితో నేను మాటాడుదును. ఐదు గంటలకు సిద్ధముగా నుండుము" అనిరి. తెల్లవారకముందే ఇరువది మైళ్లు పోయి, ఆ యజమాని కారుకొట్టములో దీపము పట్టుకొని బండి క్రింద దూరితిని. ఎడమ నట్టు వ్రేళ్లతోనే తిరిగెను. త్రాళ్లు కట్టి చూడగా, ఆ చక్రము అప్పటికే 2 మిల్లీమీటర్లు చూపు తప్పియుండెను. నా చేతులు వణకినవి. మొదటినుండి అన్నియు కొలిచి, సరిచేసి, రెండు నట్లును బిగించితిని; యజమానిని క్షమాపణ వేడితిని.

తిరిగి వచ్చునప్పుడు పెద్దాయన నన్ను తిట్టలేదు, పొగడను లేదు. సోమవారమునాడు నా బల్లపై పసుపుపచ్చ రంగుబుడ్డి, సన్నని కుంచె పెట్టిరి. "బిగించిన ప్రతి నట్టుపైనను, దాని మరపైనను కలిసిపోవునట్లు ఒక గీత గీయుము. గీత లేనిది బిగించనిదని తెలిసికొనుము" అనిరి. నేటికిని ఆ నియమమును నేను తప్పలేదు.

రెండేండ్లకు సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు ఈ కథ నాయనకు చెప్పితిని. కారు సంగతి ఆయన పెద్దగా పట్టించుకొనలేదు. "ఆ దేశములో కూడ నూలే కడతారా?" అని మాత్రము అడిగి, చాలసేపు తనలో తాను నవ్వుకొనెను. ఇప్పుడాయన లేడు. నేను హోసూరు తిరిగి వచ్చి కార్ఖానా పెట్టుకొంటిని. కాంతితో కొలుచు యంత్రము నాకును ఉన్నది. పని త్వరగా తెమలును. అయినను అనుమానము కలిగినప్పుడు గోడమీది చీలకు తగిలించిన ఆయన నూలుత్రాడు దించి, మరల కొలిచి చూచుకొందును.

ప్రియ విద్యార్థులారా! కొలత తప్పుట ఎవరికైనను కలుగును. తప్పినదని తెలిసిన పిమ్మట, పూత పూయక, విప్పి సరిచేయుటయే పనివాని లక్షణము. ఈ బడిలో నేను విప్పవలసిన వరుస యొకటి ఇన్నేండ్లుగా మిగిలియున్నది. ఎనిమిదవ తరగతిలో మా నాయన కంట్రాక్టరని నేను చెప్పినది నిజము కాదు. మా నాయన తాపీమేస్త్రి.