మా ఇంటి గాలిపంపు

గాలి దేవుడిచ్చిన వస్తువే గాని, దాన్ని సైకిలు టైరులోకి పంపించడం మనిషి పడవలసిన పాటు. ఈ సంగతి నాకు నలభై ఆరో ఏట గాని పూర్తిగా బోధపడలేదు.

మాది వరంగల్లులో కాశిబుగ్గ. మా వరండాలో మూడు సైకిళ్లున్నాయి. ఒకటి మా నాన్నగారు వదిలి వెళ్లిన నల్ల సైకిలు. బడిపంతులుగా పనిచేసినన్నాళ్లూ ఆయన దానిమీదే హనుమకొండ వెళ్లి వచ్చేవారు. రెండోది మా అబ్బాయిది. కొండలెక్కే సైకిలట. “కాశిబుగ్గలో కొండ ఎక్కడుందిరా?” అని మా ఆవిడ అడిగితే, “గుంతలున్నాయి కదమ్మా!” అన్నాడు. మూడోది డిగ్రీ చదువుతున్న మా అమ్మాయిది. హైదరాబాదులో ఉన్న మా బావమరిది రెండేళ్లు తొక్కి, మోకాళ్లు మొరాయించాక మేనకోడలికి ఇచ్చేశాడు. రోడ్డుమీద రివ్వున పోయే రకం. దాని టైరు నా బొటనవేలంత లావు. అబ్బాయి సైకిలు టైరు లేత సొరకాయంత.

పంపు మాత్రం ఒక్కటే, నాన్నగారి నాటిది. పిడి పైకి లాగితే లోపలి తోలు వాషరు నిట్టూరుస్తుంది. నాలుగు చుక్కలు కొబ్బరినూనె పోస్తే మళ్లీ బుద్ధిగా పనిచేస్తుంది. ఇంట్లో గాలి కొట్టే అధికారం నాదే. బొటనవేలితో టైరు నొక్కి “చాలు” అని తీర్పు చెప్పేవాణ్ణి.

అబ్బాయితో చిక్కులేదు. వాడి సైకిలు వాల్వు ఆటోలకూ మోటారుసైకిళ్లకూ ఉండే రకమే కనుక ఏ పంక్చరు దుకాణంలో ఆగినా పని జరుగుతుంది. అమ్మాయి సైకిలు వాల్వు వేరు. పెన్సిలంత సన్నం. కొనమీద ఇంకా సన్నని ఇత్తడి పుల్ల, దానికో బుల్లి మర. మర విప్పితేనే గాలి లోపలికి పోతుంది. పెట్రోలు బంకు గొట్టం దానికి పట్టదు.

ఒక శనివారం సాయంత్రం అమ్మాయి స్నేహితురాళ్లతో మర్నాడు పాకాల చెరువుకు బయలుదేరాలని సంబరపడుతోంది. గణపతిదేవుడి కాలపు చెరువు. నర్సంపేట మీదుగా పోవాలి. పిల్ల లోపల పులిహోరకు సాయం చేస్తుంటే, నేను ప్రేమకొద్దీ నాన్నగారి పంపు తీసి ఆ సన్న వాల్వుకు తగిలించబోయాను. పట్టలేదు. తెలుగు మాస్టర్ని కదా, ఎక్కడ సంధి కుదరకపోయినా కుదిర్చి తీరాలనిపిస్తుంది. కాస్త బలంగా నొక్కాను. ఇత్తడి పుల్ల వంగి విరిగింది. టైరులోని గాలి బుస్సుమని పోయింది.

ఆ రాత్రి అలాంటి ట్యూబు ఎక్కడా దొరకలేదు. తెల్లవారి పిల్లలు గేటు దగ్గర బెల్లు కొట్టి, సంగతి విని వెళ్లిపోయారు. అమ్మాయి ఏడవలేదు, ఏడ్చినా బాగుండేది. పులిహోర డబ్బా తెచ్చి బల్లమీద పెట్టి, “ఎప్పుడూ నువ్వే కొడతావు నాన్నా. నాకు కొట్టనివ్వవు” అంది.

ఆ మాట నన్ను రెండు రోజులు కుదురుగా పాఠం చెప్పనివ్వలేదు.

మూడోరోజు కాలేజీ నుంచి తిన్నగా సైకిళ్ల దుకాణానికి వెళ్లాను. ఒకే పంపు కావాలి, రెండు రకాల సైకిళ్లకూ పనికి రావాలి అన్నాను. దుకాణదారు ఒక లావుపాటి పంపు ముందు పెట్టాడు. “ఇది తీసుకోండ్రి సార్. నాలుగుసార్లు కొడితే టైరు నిండుతది” అన్నాడు. అక్కడున్న లావు టైరుకు కొట్టి చూశాను. నిజమే, హాయిగా ఉంది. పర్సు తీశాను. అంతలో పులిహోర డబ్బా గుర్తొచ్చింది. కొట్టవలసింది నేను కాదు గదా! “రేపు మా అమ్మాయిని తీసుకొస్తా”నని వచ్చేశాను.

అమ్మాయి వచ్చింది. పంపును ఎత్తి చూడలేదు, కొట్టి చూడలేదు. “గొట్టం లోపలి వెడల్పు ఎంత?” అని అడిగింది. రెండంగుళాలట. బిల్లుపుస్తకం వెనకవైపు లెక్కకట్టింది.

ఆ లెక్క నాకు అర్థమైనంతలో ఇది. తన టైరులో చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడి ఉండాలి. రెండంగుళాల గొట్టం అడ్డుకోత సుమారు మూడుంబావు చదరపు అంగుళాలకు కాస్త తక్కువ. అంటే చివరి పోట్లకు 250 పౌండ్లు, దాదాపు 114 కిలోల బరువుతో నొక్కాలి. నేను 74 కిలోలు. పంపు పిడిమీద నేనెక్కి నిలబడ్డా అది దిగదు! అదే గొట్టం అంగుళంబావు వెడల్పయితే 45 కిలోలు చాలు. అమ్మాయి 52 కిలోలు.

“మరి తమ్ముడి టైరు?” అన్నాను.

“వాడికి 30 పౌండ్లు చాలు. బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. పాతిక ముప్పై సార్లు కొట్టుకుంటాడు” అంది.

అదీ కిటుకు. లావు టైరుకు గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. సన్న టైరుకు గాలి తక్కువ, ఒత్తిడి ఎక్కువ. లావు పంపు కొంటే ఒకరి పని సుఖంగా జరుగుతుంది, రెండోవారి పని అసలే జరగదు. సన్న పంపు కొంటే ఒకరికి పది పోట్లు ఎక్కువ పడతాయి, ఇద్దరి పనీ జరుగుతుంది. సంసారంలో కూడా ఉమ్మడి వస్తువును ఎవరికి కష్టమో వారిని బట్టి కొనాలి గాని, కొనేవాడి చేతివాటాన్ని బట్టి కాదు.

చివరకు సన్న గొట్టం, పొడుగు పంపు తీసుకున్నాం. తలకాయలో రెండు రంధ్రాలు, రెండు రకాల వాల్వులకూ. ఒత్తిడి చూపే ముల్లు పెద్ద పళ్లెంలో ఉన్నది ఎంచాను. చత్వారం నాది గదా! పైగా చిన్న పళ్లెంలో 160 దాకా అంకెలు కుక్కితే 30 ఎక్కడో 40 ఎక్కడో తేలదు, అబ్బాయికి అదే ముఖ్యం.

బెల్ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపు లేకుండా పోవాలని గాలి టైరు చేసి, 1888లో పేటెంటు పొందాడు. ఆయనా తండ్రే. కాకపోతే ఆయన పిల్లవాడికి ఏం కావాలో చూసి చేశాడు. నేను చూడకుండా చేశాను.

మరుసటి ఆదివారం తెల్లవారుజామున, ఏనుమాముల మార్కెట్టుకు మిర్చి బస్తాల బండ్లు పోతున్న వేళ, వరండాలో పంపు చప్పుడు వినిపించింది. అలవాటుకొద్దీ లేచి కూర్చున్నాను.

“పిలిచిందా?” అంది మా ఆవిడ కళ్లు తెరవకుండానే.

పిలవలేదు. మళ్లీ పడుకుని లెక్కపెట్టాను. ఏడు, ఎనిమిది... ఆగింది. రెండో చక్రానికి ఏడు, ఎనిమిది, తొమ్మిది. గేటు చప్పుడైంది.

అప్పుడు లేచి వెళ్లి నాన్నగారి నల్ల సైకిలు తీశాను. కొత్త పంపు సన్న రంధ్రం దాని పాత వాల్వుకూ చక్కగా పట్టింది.