ఇల్లు సర్దాను... ఇంటర్నెట్ పోయింది!

వంటింట్లో కుళాయి రాకపోతే మీరేం చేస్తారు? వెంటనే ప్లంబరుకి ఫోను చెయ్యరు గదా! ముందు బాత్రూమ్‌లో కుళాయి తిప్పి చూస్తారు. అక్కడ నీళ్ళొస్తుంటే తేడా వంటింటి కుళాయిలోనే ఉందన్నమాట. అక్కడా రాకపోతే మేడెక్కి ట్యాంకు చూస్తారు. ట్యాంకు ఖాళీగా ఉంటే మోటారు వేస్తారు. ఇదంతా మనకి ఎవరూ నేర్పలేదు. అటువంటి మనం, కంప్యూటర్లో ఇంటర్నెట్ పోయిందనగానే "నాకేం తెలుసమ్మా" అంటూ వంటింట్లోకి ఎందుకు తప్పుకుంటామో చెప్పండి. నేనూ అదే చేశాను. అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి కూడా చేశాను. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఇది 2024 జూలైలో జరిగింది. మా చిన్నమ్మాయి ఎంసెట్ రాసింది. (దాని పేరు ఆంధ్రలో 2021 నుంచే ఈఏపీసెట్ అయింది, తెలంగాణలో 2024లో మారింది. నా నోటికి మాత్రం ఇంకా ఎంసెటే వస్తుంది.) ర్యాంకొచ్చింది, సర్టిఫికెట్ల పరిశీలన అయింది. ఇక మిగిలింది కాలేజీలు ఎంచుకోవడం. ఇంట్లో కూర్చునే కంప్యూటర్లో ఒక్కొక్క కాలేజీ, ఒక్కొక్క బ్రాంచి వరసగా పెట్టుకోవాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ముఖ్యం. పైనున్నది దొరికితే ఇక కిందవాటి జోలికి పోవడమంటూ ఉండదు. నాలుగు రోజులపాటు తండ్రీ కూతుళ్ళు పోట్లాడుకుని, అలిగి, మళ్ళీ కలిసి, లాంగ్ నోట్‌బుక్కులో అరవై కాలేజీల వరస రాసుకున్నారు. ఆఖరి రోజు సాయంత్రం కంప్యూటర్లో పెడదామనుకున్నారు. ఆఖరి రోజు దాకా ఎందుకాగారంటారా? మా ఇంట్లో కరెంటు బిల్లు కూడా ఆఖరి రోజే కడతాం లెండి.

సరిగ్గా ఆ రోజే మా ఆడపడుచు మనవణ్ణి తీసుకుని వస్తున్నానని కబురు చేసింది. మా వారికి అక్కయ్య, నాకు వదినగారు. ఆవిడ కళ్ళు ఎలాంటివో చెప్పాలంటే, గడపలో చెప్పులు విప్పేలోపు గోడ మీద బూజు ఎక్కడుందో చెప్పెయ్యగలదు. అందుకని పొద్దున్నే లేచి ఇల్లంతా దులిపాను. కంప్యూటర్ బల్ల వెనక చూద్దును కదా, పాముల పుట్టలా వైర్లు! వాటిల్లో ఒకటి కిటికీలోంచి లోపలికొచ్చి, గోడకున్న నెట్ డబ్బాలోకి వెళ్ళే సన్నటి వైరు. పెట్టిన కుర్రాడు నాలుగు బారల తీగ అదనంగా వదిలేసి వెళ్ళాడు. అది నేల మీద జీరాడుతోంది. నేను దాన్ని రెండు వేళ్ళకి పొందిగ్గా చుట్టి, మధ్యలో నొక్కి, పూలదారంతో బిగించి కట్టి, మేకుకి తగిలించాను. ఎంత ముచ్చటగా ఉందో! అటూ ఇటూ తిరిగి రెండుసార్లు చూసుకున్నాను కూడా.

సాయంత్రం నాలుగింటికి అమ్మాయి స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, నోట్‌బుక్కు పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. నెట్ లేదు. కింద మూల భూగోళం బొమ్మ మీద అడ్డగీత.

మా వారు వచ్చి ఉన్న ప్లగ్గులన్నీ పీకి, మళ్ళీ పెట్టారు. రాలేదు. మళ్ళీ పీకారు, మళ్ళీ పెట్టారు. పోనీ ఫోన్లో చేద్దామంటే ఆయన ఫోన్లో ఆ రోజు కోటా డేటా అంతా అయిపోయింది. మనవడు పొద్దుటినుంచీ దాంట్లో కార్టూన్లు చూస్తున్నాడు. వై-ఫై పనిచెయ్యకపోయేసరికి ఫోను గుట్టుచప్పుడు కాకుండా సిమ్ము డేటాకి మారిపోయిందని మాలో ఒక్కరమూ గమనించలేదు. ఇక నా ఫోనంటారా, అది మాట్లాడుకోడానికే. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న పాత డాబా మాది, దానికి సిగ్నలు ఒక్క గీత వస్తే గొప్ప.

కంపెనీకి ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని పావుగంట తిప్పి, "48 గంటల్లో మా మనిషి వస్తాడు" అన్నారు. మాకేమో ఆ రాత్రితో గడువు!

మా వారికి కోపం వచ్చింది. కోపం వస్తే ఎవరో ఒకరు దొరకాలి గదా. "నిన్న కుర్చీ బర్రున వెనక్కి లాగావు, వైరు తొక్కేసి ఉంటావు" అని అమ్మాయి మీద పడ్డారు. "ఆడపిల్లకి నిదానం ఉండద్దూ" అని వదినగారు ఓ మాట వేశారు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

ఇదిగో, ఇక్కడే నేను చెప్పదలుచుకున్నది. ఆ క్షణంలో నా చూపు నెట్ డబ్బా మీద పడింది. రోజూ పచ్చగా ఉండే చోట ఎర్ర దీపం టపటపా కొట్టుకుంటోంది. దాని పక్కనే మేకుకి నా ముచ్చటైన కట్ట. నా గుండె గతుక్కుమంది. తప్పు నాదేనేమో అని తోచింది. తోచినా నోరు పెగల్లేదు. కాఫీ పెడతానని లోపలికి వెళ్ళిపోయాను.

ఎందుకలా చేశానంటే, పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆయన ఆఫీసు కాయితాలు పాత పేపర్లతో కలిపి అమ్మేశాను. ఇరవయ్యారేళ్ళైంది. ఇప్పటికీ చుట్టాలొస్తే ఆ కథ బయటికి తీస్తారు. దానికి రెండో భాగం తయారవుతుందని నా భయం. అందులోనూ వదినగారి ముందు. కాఫీ పొంగేదాకా నిలబడి, కూతురి ఏడుపు వింటూ నేను ఆలోచించింది నా పరువు గురించి. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆయన కాఫీ తాగి, డేటా వేయించుకొస్తానని వానలో గొడుగేసుకుని బజారుకి వెళ్ళారు. అమ్మాయి నా దగ్గరకొచ్చి, "నేనేం తొక్కలేదమ్మా, ఒట్టు" అంది. ఇంక ఆగలేకపోయాను. "నువ్వు కాదే, నేననుకుంటా" అన్నాను. అది నోరు తెరుచుకుని నాకేసి చూసింది.

వెంటనే బెంగుళూరులో ఉన్న మా అబ్బాయికి ఫోను చేశాం. వాడు ఏదీ పీకమనలేదు. "అమ్మా, ఆ డబ్బా మీద ఏ దీపం ఏ రంగులో ఉందో చదువు" అన్నాడు. పవరు దీపం వెలుగుతోంది. పీ.ఓ.ఎన్. దగ్గర దీపమే లేదు. ఎల్.ఓ.ఎస్. దగ్గర ఎరుపు. "దాన్ని లాస్ అనుకో, బయటినుంచి రావాల్సిన వెలుగు మన డబ్బాకి అందడం లేదని అర్థం. కంప్యూటర్ జోలికి పోవద్దు, తేడా డబ్బాకి అవతల ఉంది" అన్నాడు.

చూశారా, కుళాయీ ట్యాంకూ లెక్కే! ఇంట్లో ఫోన్లకీ వై-ఫైలో నెట్ రాక, కంప్యూటర్‌కీ రాకపోతే డబ్బాలోనో, అవతలో తేడా. ఫోన్లకి వచ్చి కంప్యూటర్‌కి ఒక్కదానికే రాకపోతే కంప్యూటర్‌లోనో, దానికొచ్చే వైర్లోనో తేడా. దీపం అసలు వెలగకపోతే ప్లగ్గో, అడాప్టరో చూసుకోవాలి. ఎర్ర దీపం లేకుండా అన్నీ పచ్చగా ఉండి కూడా ఏ పేజీ తెరుచుకోకపోతే ఆ నెల డబ్బు కట్టామో లేదో గుర్తు తెచ్చుకోవాలి. నవ్వకండి, చాలా ఇళ్ళల్లో కథ అక్కడే తేలుతుంది. పాత కంప్యూటరైతే ఇంకో చిత్రం ఉంది. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కంప్యూటర్ గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది. తేదీ కుదరక పేజీలన్నీ "ఇది భద్రం కాదు" అని మొరాయిస్తాయి. మా కంప్యూటర్‌కి అదీ అయింది ఓసారి. నెట్ పోయిందనుకుని రెండు రోజులు తిట్టుకున్నాం. కొత్త బిళ్ళ వేసి, తేదీ సరిచేస్తే బాగుపడింది.

సరే, అసలు సంగతికొస్తాను. "డబ్బాలోకి వచ్చే సన్న తీగ ఎక్కడైనా మడతపడిందా?" అని అడిగాడు. నేను చెప్పాను. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా, "అమ్మా, అది రాగి తీగ కాదు. లోపల వెంట్రుకంత గాజు ఉంటుంది. అందులో నడిచేది కరెంటు కాదు, వెలుగు. బాగా వంచితే ఆ వంపు దగ్గర వెలుగు బయటికి కారిపోతుంది. దారం విప్పు, లాగకుండా విప్పు" అన్నాడు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. ఆ తీగని డబ్బాలోంచి ఊడదీసి కంటి దగ్గర పెట్టుకుని చూడకూడదట. ఆ వెలుగు మనకి కనపడదు గాని కంటికి చెరుపు చేస్తుంది. డబ్బా వెనక సూది దూరేంత కన్నం ఉంటుంది, దాంట్లో పిన్ను గుచ్చడం కూడా వద్దన్నాడు. కంపెనీ వాళ్ళు పెట్టిన లెక్కలన్నీ చెరిగిపోయి, ఉన్న రోగానికి ఇంకో రోగం తోడవుతుంది.

పూలదారం తడిలో బిగుసుకుపోయి ఉంది. కత్తెర పెడితే తీగ తెగుతుందని భయం. అమ్మాయి పిన్నీసుతో ముడి సడలిస్తుంటే నేను టార్చిలైటు పట్టుకున్నాను. చుట్టలు ఒక్కటొక్కటే విప్పి తీగని నేల మీద విశాలంగా పరిచాం. అంతే! ఎర్ర దీపం ఆరిపోయింది. పచ్చ దీపం కాసేపు మినుకు మినుకుమని, తర్వాత నిలకడగా వెలిగింది. నేనూ అమ్మాయీ ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని ఆ దీపాన్నే చూస్తూ కూర్చున్నాం.

అయినా కంప్యూటర్‌కి నెట్ రాలేదు! మళ్ళీ అబ్బాయి. "ల్యాన్ దీపం ఉందా?" లేదు. మా వారు పీకి పెట్టినప్పుడు డబ్బాకీ కంప్యూటర్‌కీ మధ్య వైరు సగమే దిగింది. దాని చివరనుండే ప్లాస్టిక్ నాలుక టిక్కుమని వినపడేదాకా నొక్కాక అది కూడా వచ్చింది. (ఈ సంగతి నేను ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఈ పత్రిక ఆయన చదవరు లెండి.) ఇదంతా కుదరకపోతే, నాన్న ఫోన్లో డేటా పడ్డాక దాన్ని ఛార్జింగు వైరుతో కంప్యూటర్‌కి కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ అన్నది నొక్కితే ఆ నెట్ కంప్యూటర్‌కి వస్తుందని కూడా చెప్పాడు. ఆ అవసరం పడలేదు గాని, మీరు గుర్తుపెట్టుకోండి. తొందర పనుంటే ముందు పని కానిచ్చుకుని, రిపేరు తర్వాత చూసుకోవచ్చు.

ఆయన మోకాళ్ళ దాకా తడిసి వచ్చేసరికి అమ్మాయి పంతొమ్మిదో కాలేజీ దగ్గరుంది. "వచ్చిందా? ఎలా వచ్చింది?" అన్నారు. వదినగారు అక్కడే కూర్చుని పెసలు ఏరుతున్నారు. తువ్వాలు అందిస్తూ చెప్పేశాను. "పొద్దున్న సర్దినప్పుడు ఆ వైరు నేనే బిగించి కట్టాను. అమ్మాయి తప్పేం లేదు. మీరు తిడుతున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది, చెప్పలేదు."

ఆయన ఏమీ అనలేదు. తల తుడుచుకున్నారు. తర్వాత వెళ్ళి అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని, నోట్‌బుక్కు తీసుకుని, "ఇరవై, చదువుతున్నాను, రాసుకో" అన్నారు. క్షమించమనడం ఆయనకి చేతకాదు. తొమ్మిదింటికి అరవై కాలేజీలూ సరిచూసి, సేవ్ చేసి, ఆ కాగితం ప్రింటు కూడా తీశారు.

మర్నాడు కాదు, ఆ మర్నాడు కంపెనీ కుర్రాడు వచ్చాడు. దీపాలు చూసి, "బాగానే ఉంది గదమ్మా" అన్నాడు. జరిగింది చెప్పి, మరి ఈ తీగని ఎంత చుట్టగా చుట్టుకోవచ్చు బాబూ అని అడిగాను. ఇప్పుడొచ్చే కొన్ని రకాలు ఇంకా చిన్న వంపు కూడా తట్టుకుంటాయి గాని, అడ్డం ఆరు సెంటీమీటర్లకి తగ్గకుండా చూసుకోమన్నాడు. ఆరు సెంటీమీటర్లంటే ఎంత? నాకు అంచనా అందక టేపు తెచ్చి, చేతి గాజు తీసి కొలిచాను. సరిగ్గా సరిపోయింది. రెండు-ఆరు సైజు గాజు! మీ దగ్గరా ఉండే ఉంటుంది. లోపల గాజున్న తీగని చేతి గాజుకంటే చిన్నగా చుట్టకూడదన్నమాట. నేనైతే భోజనం కంచమంత వెడల్పున వదులుగా చుట్టి, దారం బిగించకుండా మేకు మీద వేశాను. చూడ్డానికి బాగుండదు. వేలాడుతూనే ఉంటుంది.

అమ్మాయికి వరసలో నాలుగోది దొరికింది. హాస్టల్లో ఉంటోంది. సంక్రాంతికి వదినగారు మళ్ళీ వచ్చారు. చెప్పులు విప్పీ విప్పకముందే, "ఆ వైరేమిటే అలా వేలాడుతోంది, కాస్త చుట్టి కట్టుకోకూడదూ?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే లోపలినుంచి మా వారు, "అక్కయ్యా, దాన్ని మాత్రం ముట్టుకోకు!" అని కేకేశారు.