పాత ఇనుముతో కాపురం

మేముండే డబ్లిన్ ఐర్లండ్‌ది కాదు, కాలిఫోర్నియాది. ఈ ఊరికి బార్ట్ రైలు 1997లో వచ్చింది. దాని పట్టాల మధ్య వెడల్పు ఐదడుగుల ఆరంగుళాలు, అంటే అచ్చం మన బ్రాడ్‌గేజే. అమెరికాలో మామూలు గేజ్ నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. ఎప్పుడో 1960ల్లో తీసుకున్న నిర్ణయం అది. ఇవాళ కొత్త పెట్టెలు కావాలన్నా ప్రత్యేకంగా చేయించుకోవాల్సిందే. 2018లో ఆంటియోక్ దాకా పొడిగించినప్పుడు ఆ ముక్కకి మామూలు గేజే వేశారు. అటు వెళ్ళేవాళ్ళు మధ్యలో దిగి రైలు మారాలి.

నేను పనిచేసే కెర్నెల్ లోకంలో ఇలాంటివాటిని క్వర్క్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే భాగం కెర్నెల్. చిప్పు దాని మాన్యువల్‌లో రాసినట్టు నడుచుకోకపోతే చిప్పుని మార్చలేం, అది అప్పటికే లక్షల ఇళ్ళకి చేరిపోయి ఉంటుంది. అందుకని కెర్నెల్‌లోనే "ఫలానా నంబరు చిప్పు కనిపిస్తే దానితో ఇలా మసలుకో" అని రాసిపెడతాం. లినక్స్‌లో ఒక్క పీసీఐ పరికరాల క్వర్క్స్ ఫైలే ఐదువేల లైన్లు దాటింది. ట్రైటన్, నటోమా అని 1990ల నాటి ఇంటెల్ చిప్‌సెట్ల పేర్లు అందులో ఇంకా ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎ20 గేటు కథ. 8086 ప్రాసెసర్‌కి అడ్రసు లైన్లు ఇరవై. ఒక మెగాబైటు దాటితే లెక్క మళ్ళీ సున్నాకొచ్చేది. కొన్ని ప్రోగ్రాములు ఆ తిరకాసునే నమ్ముకున్నాయి. 1984లో ఐబీఎం ఇరవైనాలుగు లైన్ల 286తో ఎటి మోడల్ తెచ్చినప్పుడు, పాత ప్రోగ్రాములు చెడిపోకుండా ఇరవైయొకటో లైనుకి ఒక తలుపు బిగించింది. ఆ తలుపు తాళంచెవిని తీసుకెళ్ళి కీబోర్డు కంట్రోలర్ చేతికిచ్చింది. ఎందుకంటే అక్కడ ఒక పిన్ను ఖాళీగా ఉంది! మెమరీ మొత్తం వాడుకోవాలంటే కీబోర్డు వాడి గుమ్మం ముందు నిలబడాలన్నమాట. లినక్స్ బూట్ కోడ్‌లో ఆ తలుపు తీసే పని ఇప్పటికీ ఉంది. ముందు తెరిచే ఉందేమో చూస్తుంది, లేకపోతే బయాస్‌ని అడుగుతుంది, ఆ తర్వాత కీబోర్డు కంట్రోలర్‌ని.

మరి దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి? వయసే కారణమనుకుంటారు చాలామంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టింది 386 మీదే. అయినా 2013లో వచ్చిన 3.8 వెర్షన్‌లో దానికి వీడ్కోలు చెప్పేశారు. రైట్ చేయకూడని పేజీలో కెర్నెల్ రైట్ చేస్తే 386 అడ్డుచెప్పదు. ఆ ఒక్క చిప్పు కోసం మెమరీ కోడ్‌లో ప్రత్యేకమైన జాగ్రత్తలు మోయాల్సి వచ్చేది. ఆ బరువు మోసేది 386 వాడేవాళ్ళు కాదు, ఆ కోడ్ ముట్టుకున్న ప్రతివాళ్ళూ.

ఫ్లాపీ సంగతి వేరు. 2019లో దాని డ్రైవర్‌కి దిక్కులేదని ప్రకటించారు. చూసుకునే మనిషి దగ్గర పనిచేసే ఫ్లాపీ డ్రైవ్ లేకపోవడం అందుకు కారణం. ఆ మరుసటి ఏడు ఇంకొకరు ముందుకొచ్చారు, డ్రైవర్ బతికింది. ఇక్కణ్ణుంచి బార్ట్ ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగితే, అక్కడి మ్యూనీ సొరంగం రైళ్ళని నడిపే వ్యవస్థ 1998 నుంచీ ఐదుంబావు అంగుళాల ఫ్లాపీల మీద ఆధారపడింది. దాన్ని మార్చే కాంట్రాక్టుకి ఆమోదం దొరికింది 2024లో! అది లినక్స్ కాదు గానీ, "ఇప్పుడు ఫ్లాపీలు ఎవరు వాడతారండీ" అనే ముందు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

కంపైల్ అయినంత మాత్రాన డ్రైవర్ పనిచేస్తున్నట్టు కాదు. లోపల ఏ చిన్న మార్పు చేసినా అసలు పరికరం మీద నడిపి చూసే మనిషి కావాలి. అలాంటి మనిషి లేని కోడ్‌ని తీసేయడానికి నేనూ సరేనన్న సందర్భాలున్నాయి. అందులో తప్పేమీ లేదనే ఇప్పటికీ నా అభిప్రాయం.

కానీ ఒక ముల్లు మాత్రం గుచ్చుకుంటూనే ఉంటుంది. "ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఎవరూ వాడటం లేదు" అని మేం లెక్కేస్తాం. మన ఊళ్ళలో లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులకి వెళ్ళి చూడండి. ఒక్క దెబ్బకి మూడు కార్బన్ కాపీలు కావాలని డాట్ మేట్రిక్స్ ప్రింటర్ని ఇంకా కరకరలాడిస్తూనే ఉంటారు. అక్కడ కూర్చున్న గుమాస్తాకి కెర్నెల్ అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆయన తరఫున మాట్లాడేదెవరు? పాత మెషీన్‌కి పాత కెర్నెల్ చాలదా అంటే, ఇంటర్నెట్ తీగ తగిలించనంత వరకూ చాలు. తగిలించాక, భద్రతా మరమ్మతులు ఆగిపోయిన కెర్నెల్ తలుపుల్లేని ఇల్లే.

పాత హార్డ్‌వేర్‌ని బతికించేది మన జాలి కాదు. దాన్ని అటక మీంచి దించి, కొత్త కెర్నెల్ ఎక్కించి, ఏం పనిచేసిందో ఏం పనిచేయలేదో చెప్పే ఒక్క మనిషి చాలు. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఏదైనా ఉంటే, పాత సామాన్లవాడికి వేసే ముందు ఒక్క శనివారం దానికి ఇవ్వండి.