మంచె కింద

ఈ ఇల్లు కొన్నప్పుడు ఇన్‌స్పెక్షన్ రిపోర్టు 72 పేజీలొచ్చింది. 41వ పేజీలో వెనకవైపు డెక్ ఫోటో, దాని కింద రెండు లైన్లు. డెక్ ఇంటికి ఆనే చోట తడి మరకలున్నాయి, లోపల ఎలా ఉందో కనపడటం లేదు, నిపుణులకి చూపించుకోండి అని. ఆ పేజీ నేను చదివాను. సాక్ష్యం కూడా ఉంది. పీడీఎఫ్‌లో ఆ రెండు లైన్ల మీద పసుపు రంగు పూసింది నేనే. తర్వాత నాలుగేళ్ళు దాని ఊసెత్తలేదు.

ఆఫీసులో ఇలాంటివాటికి మాకో పేరుంది: ‘నోన్ ఇష్యూ’. లోపం ఉందని తెలుసు, టికెట్ తెరిచాం, ప్రయారిటీ తక్కువ వేశాం, మూడు నెలలకోసారి దాన్ని తర్వాతి క్వార్టర్‌లోకి తోస్తూ ఉంటాం. అందులో ఎవరూ అబద్ధం చెప్పరు. పని మాత్రం జరగదు.

మా ఇల్లు ఓక్లండ్ కొండల మీద. వీధిలోంచి చూస్తే ఒకటే అంతస్తు. వెనక్కి వెళ్తే నేల ఒక్కసారిగా కిందకి జారిపోతుంది. హాల్లోంచి అద్దాల తలుపు తీసి అడుగు బయటపెడితే 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న చెక్క డెక్. ఒక పక్క ఇంటి గోడకి ఆనుకుని ఉంటుంది, అవతలి అంచు గుంజల మీద. ఆ అంచు దగ్గర నిలబడితే నేల 14 అడుగుల కిందుంటుంది. సాయంత్రాలు గోల్డెన్ గేట్ మీదుగా పొగమంచు బే లోకి దిగటం కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే మేం కొన్నది ఇంటిని కాదు, ఆ డెక్‌ని. నేను రాసిన పుస్తక సమీక్షలు సగానికి పైగా అక్కడ కూచుని రాసినవే. మా పాప ఆరో పుట్టినరోజు కూడా అక్కడే చేశాం. పెద్దలూ పిల్లలూ కలిసి 27 మంది. కేక్ కోశాక పిల్లలంతా ఏదో పాటకి ఎగిరారు. ఆ వీడియో నా ఫోన్లో ఇప్పటికీ ఉంది.

మరుసటి మార్చిలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. తాత మాత్రం వడ్రంగి. తెనాలి పక్కన పల్లెటూళ్ళో తలుపులూ, బండి చక్రాలూ చేసేవాడు. జెట్‌లాగ్‌తో తెల్లవారుజామునే లేచిన నాన్న కాఫీ గ్లాసుతో డెక్ మీదకొచ్చి, చుట్టూ చూసి, "ఇదేంట్రా, జొన్నచేలో మంచె వేసినట్టు వేశారు" అన్నాడు. అప్పట్నుంచీ దాని పేరు మంచె.

మూడో రోజు పొద్దున చూస్తే మంచె మీద లేడు. కింద వాలులో, గడ్డిలో నిలబడి తలెత్తి చూస్తున్నాడు.

"స్క్రూడ్రైవర్ తేరా. పెద్దది."

తెచ్చిచ్చాను. ఇంటి గోడ వైపు వాలు కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి చిన్న నిచ్చెనేస్తే చెయ్యి అందుతుంది. ముందు వేలి కణుపులతో తట్టాడు. ఒక చోట టకటక మంది. ఇంకో చోట తడిసిన అట్టపెట్టెని కొట్టినట్టు చప్పుడు. అక్కడ స్క్రూడ్రైవర్ ఆనించి అరచేత్తో నెట్టాడు. పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగితే ముదురు గోధుమరంగు పొడి, ఘనాలు ఘనాలుగా విరిగిన ముక్కలు, నాన్న మణికట్టు మీద రాలాయి.

"పైన పరిచిన చెక్క చూడు, ఎర్రగా, చేవ కర్ర. ఇంకో ఇరవయ్యేళ్ళుంటుంది. మోసేది ఇదీ" అన్నాడు. తర్వాత చాలా మామూలుగా అడిగాడు. "దీని సంగతి నీకు తెలీదా?"

తెలీదు అన్నాను. మా నాన్నతో అబద్ధమాడి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు.

---

డెక్ ఎలా నిలబడుతుందో చెప్తాను, ఎందుకంటే నాలుగేళ్ళు దాని మీద కూచుని కూడా నాకు తెలీదు. ఇంటి గోడ పొడవునా ఒక మందపాటి చెక్క బిగిస్తారు. దాన్ని లెడ్జర్ అంటారు. అవతలి అంచున గుంజలు, వాటి మీద దూలం. లెడ్జర్ నుంచి దూలం దాకా వాసాల్లాగా జాయిస్టులు. వాటి మీద మనం నడిచే పలకలు. అంటే మొత్తం బరువులో దాదాపు సగం ఇంటి గోడకున్న ఆ ఒక్క చెక్క మీదుంటుంది. దాన్ని అరంగుళం మందం బోల్టులతోనో, అంత లావు పొడుగు స్క్రూలతోనో బిగించాలి. మేకులు చాలవు. మేకు బరువుని కాసేపు మోస్తుందేమో గానీ, ఊగుతూ లాగుతుంటే మెల్లగా బయటికొచ్చేస్తుంది. ఇక గోడకీ లెడ్జర్‌కీ మధ్య సందులోకి వాన నీళ్ళు దిగకుండా పైన ఒక రేకు మడిచి పెట్టాలి, దాన్ని ఫ్లాషింగ్ అంటారు. ఇక్కడ వాళ్ళు డ్రై రాట్ అంటారు గానీ, పేరులో ఉన్న పొడి నిజం కాదు. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే పుచ్చు పట్టదు. ఎక్కడో నీళ్ళు నిలవాలి. రెండు చెక్కలు కలిసే చోటే నిలుస్తాయి, కంటికి కనపడని చోట.

బరువు అసలు సమస్యే కాదు. మామూలు లెక్క ప్రకారం ఇంటి డెక్ చదరపు అడుగుకి 40 పౌండ్లు మోయాలి. మాది 240 చదరపు అడుగులు, అంటే 9600 పౌండ్లు. ఆ పుట్టినరోజు నాడు పైనున్న మా అందరి బరువూ కలిపితే నాలుగు వేలు దాటదు. బాగా కట్టిన డెక్ మా పాప స్నేహితులు ఎగిరినా ఊరుకుంటుంది. అందుకే ఈ కూలిపోవడాలు మనల్ని మోసం చేస్తాయి. నిన్నటిదాకా బానే ఉంటుంది.

2015 జూన్ 16న, మా ఇంటికి కొద్ది మైళ్ళ దూరంలోనే, బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ విరిగిపోయింది. పుట్టినరోజు పార్టీ. పదమూడు మంది పడ్డారు, ఆరుగురు చనిపోయారు. ఎక్కువమంది వేసవి వీసా మీద ఐర్లండ్ నుంచి వచ్చిన విద్యార్థులు. ఆ భవనం కట్టి పదేళ్ళు కూడా కాలేదు. లోపలి జాయిస్టులు తడికి పుచ్చిపోయాయి. ఆ తర్వాత 2018లో కాలిఫోర్నియా చట్టం చేసింది, ఇలాంటి బాల్కనీలూ డెక్‌లూ వరసగా తనిఖీ చేయించాలని. కానీ అది మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్ళున్న భవనాలకి. మాలాంటి సొంత ఇంటికి వర్తించదు. మా డెక్ కింద ఎవరు చూడాలీ అంటే, నేనే చూడాలి.

ఆ రోజు తలుపుకి అడ్డంగా సోఫా జరిపాం. రాత్రి నా భార్యకి 41వ పేజీ చూపించాను. పసుపు రంగు చూసి ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "పిల్లల్ని ఎగరమని పాట పెట్టింది నువ్వే" అంది చివరికి.

---

ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు. ఒకాయన 14 వేల డాలర్లకి పై పలకలు మార్చి, పుచ్చిన చోట పక్కన కొత్త చెక్క జత చేస్తానన్నాడు. ఇంకొకాయన మొత్తం తీసేసి, కొండలోకి పియర్లు దించి మళ్ళీ కట్టాలన్నాడు. 61 వేలు. మా కంపెనీలో అప్పటికి రెండు విడతల లేఆఫ్‌లు అయ్యాయి. నేను రెండు రోజులు 14 వేల వైపే మొగ్గాను. కొత్త పలకల ఫోటోలు కూడా బాగున్నాయి. నాన్న డబ్బు సంగతి మాట్లాడలేదు. "తాత అయితే పుచ్చిన దూలానికి రంగెయ్యడు" అని మాత్రం అన్నాడు.

మొత్తం తీసెయ్యమన్నాం. ఇంజనీరు డ్రాయింగులు, సిటీ పర్మిట్, అప్పు. పాత డెక్‌కి పర్మిట్ ఉందా అని రికార్డులు వెతికితే ఏమీ దొరకలేదు.

పనికొచ్చిన వడ్రంగి గ్వాటెమాలా మనిషి, యాభై దాటిన వయసు. కుర్రాళ్ళు ఆయన్ని ‘మాయెస్త్రో’ అని పిలిచేవాళ్ళు. నాన్నకి ఇంగ్లీషు అంతంత మాత్రం, స్పానిష్ అసలు రాదు, మొదటి రోజే ఆ పిలుపు చెవినబడి ‘మేస్త్రీ’ అనేశాడు. ఆయనా పలికాడు. మన మేస్త్రి పోర్చుగీసు నుంచి వచ్చిన మాట, వాళ్ళ మాయెస్త్రోకి దగ్గరి చుట్టమే. పనంతా అయ్యేదాకా ఆ ఒక్క మాటతోనే ఇద్దరూ నెట్టుకొచ్చారు. మిగతాది చేతులతో చూపించుకోవడమే.

లెడ్జర్ ఊడదీసిన రోజు నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మాయెస్త్రో పిలిచి చూపించాడు. ఒక్క బోల్టు లేదు. 31 మేకులు. ఫ్లాషింగ్ లేదు. తొమ్మిది మేకుల్ని ఆయన సుత్తి లేకుండా, ఉత్త వేళ్ళతో లాగేశాడు. తుప్పుకి నడుము సన్నబడి, కొన్ని ముల్లుల్లా ఉన్నాయి. కింద గుంజల పరిస్థితి ఇంకోలా ఉంది. అవి వాలు మీద లోతు లేని కాంక్రీటు దిమ్మల మీద నిలబడున్నాయి. ఇక్కడి బంకమట్టి వానలకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతూ, ఏటా కాస్త కాస్త కిందకి జరుగుతుంది. దిమ్మలూ దాంతోపాటే జరిగాయి. అంటే మంచె మెల్లమెల్లగా ఇంటి నుంచి విడిపోతూ ఉంది, ఆ మేకులు మాత్రం పట్టుకుని ఉన్నాయి.

కొత్త పియర్ల కోసం 12 అడుగుల లోతు గోతులు తవ్వారు. ఇనుప చువ్వల పంజరాలు దించాక, కాంక్రీటు పోసేముందు సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి టార్చి వేసి అడుగుదాకా చూసుకుని సంతకం పెట్టాడు. పోశాక ఇంకెవరికీ కనపడదు కాబట్టి ముందే చూడాలి. లెడ్జర్‌కి బోల్టులు, పైన రేకు, జాయిస్టులకి జింకు పూత వేసిన ఇనుప తొడుగులు. అంచున 42 అంగుళాల ఎత్తు రైలింగు, కమ్మీల మధ్య నాలుగంగుళాల బంతి దూరకూడదు. ఈ కొండల్లో 1991 అక్టోబర్‌లో వచ్చిన మంటల్లో 25 మంది చనిపోయారు, అందుకని పై పలకలు కూడా నిప్పురవ్వలకి తొందరగా అంటుకోని రకమే వాడాలి.

ఆ రోజుల్లో నేనో నవల మీద రాయాల్సిన సమీక్ష ఆగిపోయింది. పాత సమీక్షలు తీసి చదువుకున్నాను. ‘నిర్మాణం పటిష్ఠంగా ఉంది’ అని ఏడు చోట్ల రాశాను. వస్తువు అని, శిల్పం అని ఎంతో వాదించాను. వాటిలో ఎక్కడా, ఈ పుస్తకంలో బరువు దేని మీద పడుతోంది, ఆ చోటు తట్టి చూశానా అని అడుక్కున్నట్టు లేదు. వాక్యం బాగుంటే చాలు, పై పలకలు చూసి ఇల్లు కొన్నట్టే. ఆ సమీక్ష ఇంకా రాయలేదు.

---

పూర్తయ్యేలోపే ఆగస్టులో అమ్మా నాన్నా వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళే దారిలో కార్లో నాన్నకి 41వ పేజీ సంగతి చెప్పాను. "తెలుసులే. స్క్రూడ్రైవర్ తెమ్మన్నప్పుడు ఎందుకని అడగలేదు నువ్వు" అన్నాడు.

ఇక మిగిలింది ఆ 27 మంది. పాత లెడ్జర్, చేతిలో తొమ్మిది మేకులు, రెండు ఫోటోలు తీసి ఆ పుట్టినరోజు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ‘ఆ రోజు మనమంతా నిలబడింది దీని మీద. ఇది బాలేదని నాకు ముందే రిపోర్టులో వచ్చింది. నేను పట్టించుకోలేదు. సారీ.’ పావుగంటలో చేతులెత్తి దణ్ణం పెట్టే బొమ్మలు, హార్టులు, ‘ఏం కాలేదుగా బ్రో’లు. నిజమే, ఏమీ కాలేదు. నాలుగేళ్ళూ నేను నాకు చెప్పుకున్నది కూడా అదే మాట.

ఒక్కామె మాత్రం ఏమీ రాయలేదు. ఆ రోజు వాళ్ళ బాబుకి మూడేళ్ళు. వీడియోలో ఎరుపు చొక్కాతో గోడ పక్కనే ఎగురుతుంటాడు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"ముందే తెలుసన్నావు. ఎంత తెలుసు?"

41వ పేజీ పంపించాను, పసుపు రంగుతో సహా. చూసింది. "సరే" అని పెట్టేసింది.

దసరాకి అందర్నీ పిలిచాం. వస్తుందనుకోలేదు, వచ్చింది. బాబుని నా భార్య చేతికిచ్చి, డెక్ మీదకి రాకుండా పక్క మెట్ల మీదుగా కిందకి దిగింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఓ చేత్తో పైకెత్తి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ టార్చి వేసింది. నేను వెనకే దిగాను. ఒక్కో బోల్టునీ చూస్తూ గోడ పొడవునా నడిచింది. మధ్యలో ఒకసారి ఆగి, "ఇవేనా?" అంది. ఇవే అన్నాను. రేకు ఎక్కడుందని అడిగింది, చూపించాను. గుంజ మీద వేళ్ళతో రెండుసార్లు తట్టింది. గట్టి చప్పుడు.

తర్వాత పైకెళ్ళి, బాబుని కిందకి దింపింది.